గిద్దెడు

నా ఉద్యోగం చేపల్ని లెక్కపెట్టడం.
అన్నీ కాదు. పది బోట్లొస్తే ఒకటి,
ఆ బోటులో నాలుగు గంపలు,
గంపలోంచి చేతికొచ్చిన కవళ్ళు.
దాన్ని హెచ్చిస్తాను, మళ్ళీ హెచ్చిస్తాను,
చివరికి విశాఖ సముద్రం
నా అట్ట మీద ఒక అంకె అవుతుంది.
పక్కన ప్లస్సూ మైనస్సూ ఒకదాని కిందొకటి:
తప్పడానికి మేం ముందే ఉంచుకున్న జాగా.

ఫిషింగ్ హార్బర్లో, తెల్లారగట్ల నాలుగున్నరకి,
ఐసు పగలగొట్టే చప్పుడులో
సూరాడ బండెమ్మ అడిగింది ఓసారి:
"వల్లో పడ్డవి లెక్కెట్టినావు సరే,
పడనివి ఎన్నో నీకెలా ఎరికే అమ్మీ?"
తడి జెట్టీ మీదే వేలితో గ్రాఫు గీశాను.
ఆమె గ్రాఫు చూడలేదు. వేలు చూసింది.
"వణుకుతాంది. ఎరికున్నోళ్ళకి వణకదు."

నిజమే, వణుకుతుంది.
తెలియడమంటే వణుకు ఆగడమని ఆమె లెక్క.
వణుకు ఎంతో కొలవడమని నాది.

కార్తీకం చివర్లో
నా జాబితాలో పదకొండో బోటు రాలేదు.
నడిపేది ఆమె మొగుడు, ఎర్రయ్య.
ఆ బోటుని ఎంచింది నేను కాదు,
ఎవరి మొహమూ తెలియని అంకెల పట్టిక.
"సున్నా వేసెయ్యి" అన్నాడు ఫోన్లో సూపర్వైజరు.
సున్నా అంటే వెళ్ళి, వలేసి, ఏమీ దొరక్క వచ్చినట్టు సార్.
రాకపోవడానికి మన ఫారంలో అంకె లేదు.
గడి ఖాళీగా వదిలాను.

పాత రిజిస్టరు తిరగేశాను.
ఇలా మాట అందకుండా పోయిన బోట్లు పందొమ్మిది,
తిరిగొచ్చినవి పదహారు.
మంచి అంకె. దాంతో ఓ పూట అన్నం తిన్నాను.
తర్వాత గుర్తొచ్చింది,
ఎర్రయ్య పందొమ్మిదింట పదహారు వంతులు రాడు.
వస్తే మొత్తం వస్తాడు.

బండెమ్మకి ఇదేదీ చెప్పలేదు.
ఆమె యారాడ కొండ వైపు గడ్డం ఎత్తి
"ఒచ్చీస్తాడు. నాకెరిక" అంది.
ఎలా ఎరిక? కొండ సాక్ష్యమా?
కాదంది నా చదువు, మెల్లిగా, లోపలే.

రోజూ సాయంత్రం సంతకం వంకతో జాలారిపేట వెళ్ళాను.
ఎసరు కాగుతూ ఉండేది.
పిల్లకీ తనకీ ఒక సోల, విడిగా అతనికొక సోల.
రెండోరోజూ అంతే.
మూడోరోజు అతని సోల నింపి, అరచేత్తో తల కొట్టి,
ఎసట్లో పొయ్యబోయి ఆగింది.
గిద్దెడు వెనక్కి డబ్బాలో పోసింది.
నేను చూడనట్టు కాగితం తిరగేశాను.
"పొద్దుటి కూడు మిగిలిపోనాది" అంది.
మిగల్లేదు. గిన్నె బోర్లించి ఉంది, నాకు కనబడుతూనే.

ఎమ్మెస్సీలో రెండేళ్ళు చదివిన సంభావ్యతని
అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు నేను.
నోరు నూటికి నూరంటోంది,
చెయ్యి నాలుగింట మూడంటోంది.
రెండిట్లో ఏది ఎరిక?
నాలుగోరోజు తగ్గించలేదు, పెంచలేదు.
ఆ మూడు గిద్దల దగ్గరే
సముద్రం మొత్తం ఆగి నిలబడింది.

ఐదోరోజు మధ్యాహ్నం ఇంకో బోటు తాడుకి వేలాడుతూ వచ్చారు.
ఇంజను చచ్చి, కాకినాడ ఎదర దొరికారట,
ఏడుగురూ, పెదాలు పగిలి.
"సెప్పినానా నేదా!" అంది బండెమ్మ జెట్టీ అంతటికీ.
చెప్పింది.
రాకపోయేవాడైనా అదే చెప్పి ఉండేది,
కాబట్టి ఆ మాట దేన్నీ రుజువు చెయ్యదు.
నాకది తెలుసు.
ఆ పూట ఎవరికీ అనలేదు.

హోల్డులో ఐసు కరిగి చేపంతా చెడింది.
పారబోసేముందు తూచాలి కదా, నిలబడ్డాను.
ఎర్రయ్య నా అట్ట లాక్కుని చూశాడు,
"మాకేటి రాసినావు ఇన్నాళ్ళూ?"
ఖాళీ గడి చూపించాను.
తడి బొటనవేలు దాని మీద పెట్టాడు, సరిగ్గా పట్టింది.
"ఓలమ్మ, ఇంత సోట్లోనేటి, ఏడుగురం ఉన్నాం!"

వేలు తీశాక గడిలో పొలుసొకటి అంటుకుని ఉంది.
దులపలేదు. పక్కన రాశాను:
ముప్పై కిలోలు, సుమారుగా.